పాత మోటారు సైకిలుకు తగిన సైలెన్సరు: ఎంపిక, మరమ్మతు, చట్టం

కోయంబత్తూరు, మధుర ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలతో మన సరిహద్దు గ్రామాల వారికి రాకపోకలు, పెళ్లి సంబంధాలు ఈనాటివి కావు. విజయనగర కాలంలో కొందరు, 1529లో విశ్వనాథ నాయకునితో మొదలైన మధుర నాయకుల పాలనలో మరికొందరు వెళ్లి, అక్కడి నల్లరేగడి నేలల్లో ప్రత్తి పండించారు. తరువాతి తరాలు మిల్లులు, యంత్రశాలలు పెట్టాయి. ఆ ఇళ్లకు చుట్టపు చూపుగా వెళ్లినప్పుడు పశువుల కొట్టం ప్రక్కనో, ధాన్యపు గది ముందరో గోనెపట్టా కప్పిన పాత మోటారు సైకిలు ఒకటి కనిపించడం పరిపాటి. పెద్దాయన పోయిన తరువాత ఆ బండి కొడుకుకో, అల్లుడికో, మనుమడికో దక్కుతుంది. దక్కినవానికి ఎదురయ్యే మొదటి చిక్కు సైలెన్సరు. ఇంజను బాగుంటుంది, చట్రం గట్టిగా ఉంటుంది, పొగగొట్టం మాత్రం అడుగున తుప్పుపట్టి రాలిపోతుంది. దానికి సరిజోడు ఎలా సంపాదించాలో ఈ వ్యాసంలో వివరిస్తున్నాను.

ఆ ఇళ్లలో ఉన్న బండ్లు

ఆ ప్రాంతంలో ఎక్కువగా కనిపించేవి మూడు నాలుగు రకాలే. మొదటిది బుల్లెట్. 1955లో మద్రాసు మోటార్స్ వారు ఇంగ్లాండులోని రెడిచ్ కంపెనీతో కలసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించి, తిరువొత్తియూరులో దీనిని తయారు చేయించారు. రెండవది జావా. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం నుండి 1961లో మొదలై, 1970ల నుండి యెజ్డి పేరుతో, 1996 వరకు వెలువడింది. మూడవది ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్. కాస్త చిన్న వయసువారి ఇళ్లలో 1985 నుండి 1996 వరకు వచ్చిన యమహా ఆర్.ఎక్స్. 100, మన హోసూరులోనే తయారైన సుజుకి బండ్లు ఉంటాయి.

ఈ పేర్లు చెప్పడానికి కారణం ఉంది. బుల్లెట్ నాలుగు స్ట్రోకుల ఇంజను. తక్కినవన్నీ రెండు స్ట్రోకులవి. సైలెన్సరు విషయంలో ఈ ఒక్క భేదం తెలియకపోతే చేతిలోని డబ్బు వృథా అవుతుంది.

సైలెన్సరు చేసే పని

సైలెన్సరు అనగానే శబ్దాన్ని అణచే డబ్బా అని అందరూ అనుకుంటారు. నాలుగు స్ట్రోకుల ఇంజనుకు ఇది చాలావరకు నిజమే. కాలిన వాయువు కవాటం తెరుచుకోగానే మహా వేగంతో బయటపడుతుంది. లోపలి గదులు, చిల్లుల గొట్టాలు ఆ వేగాన్ని విడగొట్టి, చల్లబరచి, మెల్లగా వదులుతాయి. లోపలి తడకలు తీసివేస్తే చప్పుడు పెరుగుతుంది. దానితోపాటు ఇంజను పీల్చే గాలి పాలు పెరిగి, పెట్రోలు పాలు తగ్గి, వేడి ఎక్కువవుతుంది. అందువల్లనే సైలెన్సరు మార్చినవారు కార్బురేటరులోని జెట్టును కూడా మార్చవలసి వస్తుంది.

రెండు స్ట్రోకుల ఇంజనులో వ్యవహారం వేరు. అక్కడ కవాటాలు లేవు. కాలిన వాయువు పోయే ద్వారం, కొత్త మిశ్రమం వచ్చే ద్వారం కొంతసేపు రెండూ తెరచి ఉంటాయి. కొత్త మిశ్రమం కూడా కొంత పొగగొట్టంలోకి జారిపోతుంది. గొట్టం ఆకారం సరిగా ఉంటే, దాని చివరి నుండి ఎదురుతట్టి వచ్చే పీడన తరంగం ఆ జారిన మిశ్రమాన్ని ద్వారం మూసుకునే లోపల తిరిగి సిలిండరులోకి నెడుతుంది. 1950లలో తూర్పు జర్మనీలో ఎం.జెడ్. బండ్లకు పనిచేసిన వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు ఈ సూత్రాన్ని పందెపు బండ్లలో సాధించి చూపించాడు. మన ఇళ్లలోని బండ్లకు అంత పదును లేకపోయినా సూత్రం అదే. గొట్టం పొడవు, లావు, లోపలి తడక స్థానం మారితే ఇంజను బలమే మారుతుంది. రెండు స్ట్రోకుల బండికి సైలెన్సరు ఇంజనులో ఒక భాగమని గ్రహించాలి.

ఒక జావా కథ

సూలూరు సమీపంలో మా పెదనాన్నగారికి 1968 నాటి జావా ఒకటి ఉండేది. జావాకు ఒకటే సిలిండరు, కాని ఇరువైపులా రెండు సైలెన్సర్లు. 2022లో అన్నయ్య ఆ బండిని బాగు చేయించ సంకల్పించి, పట్టణంలోని ఒక దుకాణంలో తళతళలాడే కొత్త జత కొన్నాడు. చూపుకు అచ్చం పాతవాటి వలెనే ఉన్నాయి. బిగించిన నాటి నుండి బండి వంతెన ఎక్కలేకపోయింది. చప్పుడు మాత్రం వీధి చివరకు వినిపించేది. మూడవ వారంలో పిస్టను సిలిండరులో బిగుసుకుపోయింది. సైలెన్సరుకు పెట్టినదానికి మూడింతలు సిలిండరు బోరు చేయించడానికి పోయింది.

పీలమేడులో లేతు మిషను నడిపే ఒక పెద్దమనిషి ఆ కొత్త సైలెన్సరును పొడవునా కోసి చూపించాడు. లోపల చిల్లులు పెట్టిన ఒక రేకు గొట్టం తప్ప మరేమీ లేదు. తడకలు లేవు, గదులు లేవు. "ఇది సైలెన్సరు కాదయ్యా, సైలెన్సరు బొమ్మ" అన్నాడాయన, మనవాళ్ల తెలుగులోనే. అదృష్టవశాత్తు అన్నయ్య పాతవి పారవేయలేదు. వాటిని కోసి కొలతలు తీసి, లోపలి భాగాలను కొత్త రేకుతో అలాగే చేయించి, పై డొల్లను అతికించాము. ఇప్పుడు బండి మూడవ గేరులో వంతెన ఎక్కుతోంది. మొదటిసారి దానిని వీధిలో నడిపిన రోజున పెద్దమ్మ వంటింట్లో నుండి వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఏమీ అనలేదు.

పాతదానిని పారవేయవద్దు

తుప్పుపట్టి అడుగు ఊడిన సైలెన్సరైనా సరే, కొత్తది బిగించి వెయ్యి కిలోమీటర్లు నడిపేవరకు పాతదానిని భద్రపరచండి. అదే మీ కొలబద్ద. దుకాణానికి వెళ్లేటప్పుడు వీలైతే దానినే వెంట తీసుకుపోండి. వీలుకాకపోతే ఈ కొలతలు వ్రాసుకోండి: ఇంజను వద్ద బెండు పైపు వెలుపలి వ్యాసం, పైపు సైలెన్సరులో చొరబడే చోట లోపలి వ్యాసం, సైలెన్సరు మొత్తం పొడవు, గరిష్ఠమైన లావు, బిగించే పట్టీల మధ్య దూరం, తోక చివరి రంధ్రం వ్యాసం. వ్యాసాలను టేపుతో కాక వర్నియర్ కాలిపర్‌తో కొలవాలి. ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా పొగ కారుతుంది. ఊరి హైస్కూలు భౌతికశాస్త్ర ప్రయోగశాలలో వర్నియర్ ఉంటుంది. అడిగితే ఏ మాస్టారూ కాదనడు.

కొత్తది అవసరమా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. రెండు స్ట్రోకుల బండి లాగకపోతే చాలాసార్లు లోపం మసిదే. ఆయిలు కలిసిన పెట్రోలు కాలి, లోపల నల్లని గడ్డ కడుతుంది. జావాకు, ఆర్.ఎక్స్. 100కు లోపలి తడకను వెనుక నుండి ఊడదీసి శుభ్రం చేసే వీలు కంపెనీయే కల్పించింది. జావాకు ఒక చిన్న పరీక్ష ఉంది. ఇంజను నడుస్తుండగా రెండు సైలెన్సర్ల వెనుక జానెడు దూరంలో అరచేతులు పెట్టి చూడండి. గాలి తోపు రెండింటా సమానంగా ఉండాలి. ఒక వైపు నీరసంగా ఉంటే అటువైపు మసి పేరుకొన్నట్టు.

మసి తీయడానికి మెకానిక్కులు కాస్టిక్ సోడా నీటిలో నానబెడతారు. ఇంట్లో చేయదలచినవారు చేతి తొడుగులు, కంటి అద్దాలు ధరించి, ఆరుబయట, పిల్లలకు, పశువులకు అందని చోట చేయాలి. నీటిలోకి సోడా వేయాలి గాని సోడా మీద నీరు పోయరాదు. అల్యూమినియం భాగాలను అందులో ముంచితే అవి కరిగి, అంటుకొనే వాయువు పుడుతుంది. ఇనుప రేకుకు మాత్రమే ఈ పద్ధతి.

తుప్పు లోపలి నుండే ఎందుకు పడుతుందో కూడా చెప్పవలసి ఉంది. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. బండి దూరం పోతే సైలెన్సరు వేడెక్కి ఆ ఆవిరి బయటకు పోతుంది. ఇంటి నుండి పాలకేంద్రం వరకు, అక్కడి నుండి ఇంటికి మాత్రమే నడిచే బండిలో అది చల్లబడి నీరై అడుగున నిలుస్తుంది. వారానికొకసారి అరగంట దూరం నడిపితే సైలెన్సరు ఆయుష్షు పెరుగుతుంది. కొట్టంలో నిలబెట్టి పది నిమిషాలు ఇంజను తిప్పడం వల్ల మేలుకన్నా కీడే ఎక్కువ. పైగా మూసిన గదిలో తిప్పితే వాసన లేని కార్బన్ మోనాక్సైడు ప్రాణాలకే ముప్పు.

కొనేటప్పుడు చూడవలసినవి

మొదట బరువు. పాత కంపెనీ సైలెన్సరును ఒక చేత, కొత్తదానిని మరొక చేత పట్టుకోండి. కొత్తది గణనీయంగా తేలికగా ఉంటే లోపల లోటుందని అర్థం. రేకు మందం గేజిలలో చెబుతారు. అంకె పెరిగేకొద్దీ రేకు పలుచన. 16 గేజి అంటే సుమారు 1.6 మిల్లీమీటర్లు, 18 గేజి 1.2, 20 గేజి 0.9, 22 గేజి 0.7. బయటి డొల్లకు 18 గేజి ఉంటే మంచి సరుకు. 22 గేజి రేకు మెరుపు ఎంత ఉన్నా రెండు వానాకాలాలకు మించి నిలవడం కష్టం.

తరువాత తోకలో నుండి టార్చి వేసి చూడండి. ఇవతల నుండి అవతలికి వెలుతురు తిన్నగా కనబడితే, పాతదానిలో అలా కనబడకపోతే, ఆ సరుకు తీసుకోవద్దు. కుదిపినప్పుడు లోపల ఏదైనా గలగలమంటే తడక అతుకు ఊడినట్టు. అతుకుల వద్ద వెల్డింగు గీత తెగకుండా సాగాలి. చుక్కలు చుక్కలుగా పెట్టినది ప్రకంపనలకు విడిపోతుంది.

క్రోమియం పూత విషయంలో మోసం ఎక్కువ. పైన కనిపించే క్రోమియం పొర మెరుపుకోసమే, అతి పలుచన. తుప్పును నిజంగా ఆపేది దాని క్రింది నికెలు పొర. నికెలు మందంగా వేశారా లేదా అని కంటికి తెలియదు, కనుక పేరున్న దుకాణంలో బిల్లుతో కొనడం ఒక్కటే రక్షణ. పాత సైలెన్సరుకే తిరిగి పూత వేయించదలచినవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పూత పని ఆమ్లంతో మొదలవుతుంది. ఆ ఆమ్లం లోపల మిగిలితే, బయట మెరుస్తూ లోపల కుళ్లుతుంది. పని ముగియగానే నీటితో బాగా కడిగించి, ఎండలో ఆరబెట్టించాలి. మసి పూర్తిగా తీయని సైలెన్సరును మంచి పూతపనివారు తీసుకోరు. నిరాకరించాడంటే పని తెలిసినవాడన్నమాట.

స్టెయిన్‌లెస్ స్టీలు సైలెన్సర్లు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. అయస్కాంతం అంటకపోతే మంచి స్టీలని దుకాణదారు చెబుతాడు. అది సగం నిజం. 304 రకానికి అయస్కాంతం అంటదు. కాని చవక రకమైన 202కు కూడా అంటదు. కార్ల పొగగొట్టాలకు వాడే 409 రకానికి అంటుతుంది, అయినా అది పనికిమాలినది కాదు. కాబట్టి అయస్కాంతాన్ని నమ్ముకొని బేరం చేయవద్దు.

పేరు చూసి మోసపోవడం ఇంకొకటి. జావా 2018లోనూ, యెజ్డి 2022లోనూ తిరిగి మార్కెట్టులోకి వచ్చాయి. అవి నాలుగు స్ట్రోకుల, నీటితో చల్లబడే ఇంజన్లు. వాటి సైలెన్సరు పాత బండికి ఏ విధంగానూ పనికిరాదు. అలాగే పాత పోత ఇనుప ఇంజను బుల్లెట్‌కు, 2008 తరువాత క్రమంగా వచ్చిన కొత్త ఇంజను బుల్లెట్‌కు సైలెన్సర్లు ఒకటి కావు. దుకాణంలో "బుల్లెట్ సైలెన్సరు" అని మాత్రమే అడగకుండా, బండి సంవత్సరం, ఇంజను రకం చెప్పి అడగండి.

ఎక్కడ వెతకాలి

కోయంబత్తూరులో పాత సామానుకు ఉక్కడం ప్రసిద్ధం. ఓపిక ఉన్నవారికి అక్కడ విప్పేసిన బండ్ల అసలు సైలెన్సర్లు దొరకవచ్చు. వాటి డొల్ల చెడినా లోపలి భాగాలు ఉపయోగపడతాయి. మద్రాసులో పాతవాటికి పుదుపేట, కొత్తవాటికి జనరల్ ప్యాటర్స్ రోడ్డు. బెంగళూరులో కొత్తవాటికి జె.సి. రోడ్డు, పాతవాటికి శివాజీనగరం గుజిరీ. మన సరిహద్దు వారికి బెంగళూరే దగ్గర. మైసూరు జావాకు పుట్టిల్లు కనుక అక్కడి పాత మెకానిక్కులను విచారించడం మంచిది. దూరమైనా ఢిల్లీలోని కరోల్‌బాగ్ బుల్లెట్ సామానుకు పెద్ద అంగడి. పాత బుల్లెట్ భాగాలకు ఇంగ్లాండులో హిచ్‌కాక్స్ అనే సంస్థ కూడా ఉంది. సరుకు ఖర్చుకు తోడు సుంకం, రవాణా కలుస్తాయి గనుక అది అందరికీ తగిన దారి కాదు.

కంపెనీ కాలంలో తయారై, ఎవరి గోదాములోనో అమ్ముడుపోక మిగిలిన పాత స్టాకు అన్నిటికంటె ఉత్తమం. మూతబడిన ఏజెన్సీల వారసుల వద్ద ఇప్పటికీ ఒకటి రెండు బయటపడుతుంటాయి. ధర ఎక్కువ చెబుతారు. నా అభిప్రాయంలో రెండు స్ట్రోకుల బండికి ఆ ధర పెట్టవచ్చు, బుల్లెట్‌కు అక్కరలేదు.

చేయించుకోవడం

దొరకనప్పుడు చేయించుకోవచ్చు. ఆ విద్యకు కోయంబత్తూరును మించిన ఊరు దక్షిణాదిలో అరుదు. కలంగల్ గ్రామంలో 1893లో పుట్టిన మన జి.డి. నాయుడుగారు యువకునిగా ఒక ఇంగ్లీషు అధికారి రడ్జ్ మోటారు సైకిలును చూసి ఆశపడి, హోటలులో పనిచేసి డబ్బు కూడబెట్టి దానినే కొన్నారు. కొని ఎక్కి తిరగడంతో ఆగక, పూర్తిగా విప్పి, తిరిగి బిగించి, దాని మర్మం తెలుసుకున్నారు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య బస్సు నడిపిన ఆయన చివరకు ఒక పారిశ్రామిక సామ్రాజ్యాన్నే స్థాపించారు. ఈనాడు అదే ఊరిలో మీటర్లు చేసే ప్రికాల్, చైన్లు చేసే ఎల్.జి.బి., హారన్లు చేసే రూట్స్ ఉన్నాయి. వాటి చుట్టూ వందలాది చిన్న లేతు షెడ్లున్నాయి. మధురలోనూ 1910లలో టి.వి. సుందరం అయ్యంగారు బస్సులు నడపడంతో మొదలైన మోటారు పని పాతదే.

చేయించేటప్పుడు నమూనా లేనిదే పని అప్పగించవద్దు. "అందాజుగా చేసేస్తాను" అనేవాని వద్దకు పోవద్దు. బెండు పైపును వంచేటప్పుడు లోపల ఇసుక కూరి వేడిచేస్తారు; లేకుంటే వంపు వద్ద నొక్కుకుపోతుంది. ఆ ఇసుక ఎముకలా ఎండినదై ఉండాలి. తడి ఇసుక ఆవిరి పుట్టి పేలుతుంది. ప్రక్కన నిలబడి చూసేవారు దూరంగా ఉండాలి. వెల్డింగు ఎప్పుడూ బండి మీదనే చేయనివ్వరాదు. సైలెన్సరును ఊడదీసి, పెట్రోలు ట్యాంకుకు దూరంగా చేయించాలి.

బిగించే పద్ధతి

అన్ని బోల్టులనూ ముందు వదులుగా తగిలించి, సైలెన్సరు తనంతట తాను సరైన చోట కూర్చునేలా చూడాలి. ఆ తరువాత ఇంజను వద్ద బిగించి, చివరగా వెనుక పట్టీ బిగించాలి. వెనుక బోల్టు రంధ్రం కలవకపోతే సైలెన్సరును లాగి బిగించరాదు. ఆ లాగుడే ఆరు నెలల్లో పైపును చీల్చుతుంది. జావాకు ఇంజను వద్ద ఉండే వలయపు నట్టును కొక్కెపు స్పానరుతోనే త్రిప్పాలి. సుత్తి, ఉలి వాడితే మరలు పోతాయి. మొదటిసారి ఇంజను తిప్పే ముందు క్రోమియం మీది వేలి ముద్రలను శుభ్రమైన గుడ్డతో తుడవండి. లేకపోతే ఆ జిడ్డు కాలి మచ్చలై శాశ్వతంగా నిలుస్తుంది.

యాభై కిలోమీటర్లు నడిపాక స్పార్క్ ప్లగ్ తీసి చూడండి. కాఫీ పొడి రంగులో ఉంటే అంతా సవ్యం. తెల్లగా పాలిపోయి ఉంటే పెట్రోలు తక్కువగా అందుతోంది, వెంటనే జెట్టు మార్పించాలి. మా అన్నయ్య ఈ ఒక్క పని చేసి ఉంటే పిస్టను దక్కేది. నల్లగా మసిబారితే పెట్రోలు ఎక్కువ, లేదా గొట్టం మూసుకుంది.

చట్టం

కేంద్ర మోటారు వాహన నియమాలలో 120వ నియమం ప్రకారం ప్రతి వాహనానికీ శబ్దాన్ని తగ్గించే సైలెన్సరు తప్పనిసరి. కంపెనీ రకానికి సమానమైనది వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. తడకలు తీసిన సైలెన్సరుతో శబ్ద, పొగ ప్రమాణాలను మీరితే, 2019 సవరణ తరువాత మొదటి నేరానికే పది వేల రూపాయల వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. లైసెన్సు మూడు నెలలు నిలిచిపోతుంది. విశాఖపట్నం, బెంగళూరు వంటి నగరాలలో పోలీసులు అటువంటి సైలెన్సర్లను పట్టుకొని రోడ్డు రోలరుతో తొక్కించారు.

పొగ పరీక్షలో 2000 మార్చి 31 లోపు తయారైన ద్విచక్ర వాహనాలకు కార్బన్ మోనాక్సైడు 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9,000 పి.పి.ఎం. మించరాదు. పైపు అతుకుల వద్ద పొగ కారుతూ ఉంటే ఆ అంకెలకు విలువ ఉండదు గనుక, పరీక్షకు ముందే అతుకులు సరిచూసుకోవాలి.

పదిహేనేళ్లు దాటిన బండికి తనిఖీ తరువాత ఐదేళ్లకొకసారి రిజిస్ట్రేషను పునరుద్ధరించాలి. 2021 జూలైలో వచ్చిన నియమాల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను నుండి యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేసుకోవచ్చు. కొత్త నమోదుకు రుసుము ఇరవై వేల రూపాయలు. అయితే అలా నమోదైన బండిని రోజువారీ పనులకు నడపకూడదు. పొలానికి, సంతకు అదే బండి మీద పోయేవారికి మామూలు పునరుద్ధరణే మేలు.

మామగారి ఇంటి నుండి లేదా పెదనాన్నగారి ఇంటి నుండి బండిని తమిళనాడు దాటించి తెచ్చుకొని, పన్నెండు నెలలకు మించి ఇక్కడే ఉంచుకొనేవారు ఇక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు అక్కడి ఆర్.టి.ఓ. కార్యాలయం నుండి నిరభ్యంతర పత్రం కావాలి. పెద్దాయన పేరుమీదనే పుస్తకం ఉంటే ముందు మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రాలతో యాజమాన్యం మార్పించుకోవాలి. ఈ కాగితాల పని ముగిసిన తరువాతనే సైలెన్సరుకు డబ్బు పెట్టడం తెలివి. మా ఇంట్లో రెండూ తారుమారయ్యాయి, బాగుపడిన బండి ఏడు నెలలు కొట్టంలోనే నిలబడింది.